ఊఁ కొట్టకూడని చోటు

తెలుగు నాటకరంగం గురించి మనం చెప్పుకొని నవ్వుకొనే కథలన్నీ దాదాపుగా నటుల చుట్టూనే తిరుగుతాయి. యుద్ధరంగంలో చచ్చిపడిన పాత్రధారి, ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అనగానే లేచి, కిరీటం సర్దుకొని, పద్యం మళ్లీ ఆలపించి, మళ్లీ పద్ధతిగా చచ్చిపోయిన కథ వినని నాటకాభిమాని ఉండడు. అయితే ఆ మనిషి లేచినప్పుడు వెలుగు పెంచాలా, శవం మీద ఉంచిన నీలికాంతినే ఉండనివ్వాలా అని తేల్చుకోలేక, లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మరు దగ్గర కూర్చున్న మనిషి పక్కవాడితో ఏమన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఏదో ఒకటి అనే ఉంటాడు, ఎందుకంటే లైట్లవాళ్లు, మైకులవాళ్లు, సెట్టు కట్టేవాళ్లు, తెర లాగేవాళ్లు ప్రదర్శన సాగినంతసేపూ గుసగుసగా ఏదో ఒకటి అనుకొంటూనే ఉంటారు. హైదరాబాదులో నాటకాలకు చాలాకాలంగా లైట్లు వేస్తున్నవాడిగా ఆ గుసగుసల మీద నాకొక అభిప్రాయం ఏర్పడింది. వాటిలో కొన్ని పని నేర్పుతాయి, కాబట్టి వాటిని కాగితం మీద పెట్టి కాపాడుకోవాలి. మరికొన్ని, చెప్పవలసినచోట చెప్పవలసిన మాటను మింగేయడానికి పనికివస్తున్నాయి, కాబట్టి వాటికి నవ్వడం మానేయాలి. కష్టమల్లా రెండూ ఒకే నోటినుంచి, ఒకే గొంతుతో రావడమే.

పని నేర్పే మాటకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ ‘కొత్తల్లుడు’. వేదిక మీద అంచులు మెత్తగా ఉండే వెలుగు పరిచే ఫ్రెనెల్ లైట్లలో పెట్టే హాలోజన్ బల్బుకు మా దగ్గర ఉన్న పేరది. కొత్తగా చేరిన కుర్రవాడు దాన్ని పెట్టెలోంచి తీయబోతే, ‘తమ్మీ, కొత్తల్లుణ్ణి ఉత్త చేత్తో ముట్టుకోకు, మర్యాద చెయ్యి’ అంటారు. మర్యాద అంటే శుభ్రమైన గుడ్డతో పట్టుకోవడమే. వేలికి ఉండే జిడ్డు ఆ క్వార్ట్‌జ్ గాజుకు అంటుకొంటే, లైటు వెలిగినప్పుడు ఆ చోటు మిగతా గాజుకన్నా ఎక్కువగా వేడెక్కి, గాజు చెడి, బల్బు ముందే పోతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది. హాలోజన్ బల్బు సరిగా పనిచేయాలంటే దాని గాజు 250 డిగ్రీలు దాటి వేడెక్కవలసిందే గనుక, చల్లగా ఉంచి కాపాడుకొందామంటే కుదరదు. ఇదంతా ఆ కుర్రవాడికి విడమరచి చెప్పే తీరిక సాయంత్రం అయిదు గంటలకు ఎవరికీ ఉండదు. కొత్తల్లుడు అనగానే వాడు నవ్వుతాడు, వేడెక్కువ, అలక ఎక్కువ, పాడైతే ఖర్చు మనదేనని అర్థం చేసుకొంటాడు, ఇక ఎప్పటికీ మరచిపోడు.

ఆ హాస్యానికి లెక్క కూడా తెలుసు. ‘ఒక ఇంటికి ముగ్గురే అల్లుళ్లు’ అన్నది దాని రెండో భాగం. వెయ్యి వాట్ల లైటు 230 వోల్టుల దగ్గర సుమారు 4.3 ఆంపియర్లు తీసుకొంటుంది. అలాంటివి మూడు కలిస్తే 13, నాలుగు కలిస్తే 17 దాటుతుంది. గోడకు ఉండే పెద్ద సాకెట్ సామర్థ్యం 16 ఆంపియర్లు. నాలుగో అల్లుణ్ణి అదే ఇంటికి తెస్తే ఇల్లు కాలుతుందనడం, ఈ లెక్క రాని మనిషి చేత కూడా సరిగా తీగలు కలిపిస్తుంది. ఎల్ఈడీ లైట్లు వచ్చాక వాటికి ‘ఇల్లరికం’ అని పేరు పడింది. అవి తక్కువ తింటాయి, అంతగా వేడెక్కవు, నాలుగు తెచ్చినా ఇంటికి భారం కావు, అయితే ముఖం మీద వాటి వెలుగులో కళ తక్కువని పాతవాళ్ల ఫిర్యాదు. అందులో కొంత నిజముంది, కొంత పాత సరంజామా మీద మమకారముంది.

తెర వెనుకవాళ్లు హెడ్‌సెట్ల మీద మాట్లాడుకొనే ఇంటర్‌కమ్ విషయంలో మా వాళ్లు కట్టిన సామెత ఇంతకన్నా గొప్పది. ఇంగ్లీషు నాటకశాలల్లో స్టేజి మేనేజరు ముందుగా ‘స్టాండ్‌బై’ అని హెచ్చరించి, సమయం రాగానే ‘గో’ అంటాడు. ఆ మాట వినపడగానే లైటు మారుతుంది, తెర కదులుతుంది, గుండు పేలుతుంది. కనుక హెడ్‌సెట్ మీద మామూలు మాటల్లో ఎవరూ ‘గో’ అనరు, తప్పనిసరిగా అనవలసివస్తే ‘జీ, ఓ’ అని అక్షరాలు విడదీసి పలుకుతారు. ఆ జాగ్రత్త మనకూ వచ్చింది కాని, మన ప్రమాదం అక్కడ లేదు. తెలుగువాడు మాటల మధ్యలో పొరపాటున ‘గో’ అనడు. ‘ఊఁ’ అంటాడు. పెద్దవాళ్లు మాట్లాడుతూంటే ఊఁ కొట్టకపోవడం మనకు అమర్యాద, కథ చెబుతున్న అమ్మమ్మ ఊఁ వినపడకపోతే పిల్లవాడు నిద్రపోయాడని కథ ఆపేస్తుంది. అదే అలవాటు హెడ్‌సెట్ మీదికి వస్తుంది. పన్నెండో క్యూ, అంటే లైటు మార్చవలసిన పన్నెండో చోటు, గురించి ఒకరు హెచ్చరిస్తూంటే, మైకులవాడు వింటున్నానన్న అర్థంలో ఊఁ అంటాడు. అది కానిమ్మని చెప్పడమే అనుకొని డిమ్మరు దగ్గరివాడు కథానాయిక ఏడుపు సగంలో ఉండగా వేదికను చీకటి చేస్తాడు. ‘కథకు ఊఁ కొట్టు, క్యూకు నోరు కట్టు’ అన్న మాట ఇలాంటి సాయంత్రాలలోంచి పుట్టింది. ఏ దేశపు నాటకశాల నియమావళిలోనూ ఇది దొరకదు, ఎందుకంటే అది మన నోటి అలవాటుకు వేసిన కళ్లెం.

అందుకే ఇతర దేశాల తెర వెనుక ముచ్చట్లను అలాగే తెచ్చి వాడుకొనే కొత్త బృందాల ఉత్సాహం నాకు అంతగా రుచించదు. షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ నాటకం పేరు నాటకశాల లోపల పలకకూడదని, ‘స్కాటిష్ నాటకం’ అనాలని అక్కడివాళ్లకొక పట్టింపు. శుభం కోరేటప్పుడు కాలు విరగ్గొట్టుకొమ్మని చెప్పడం మరొకటి. వేదిక మీద ఈల వేయకూడదన్న నియమం మాత్రం ఆలోచించదగ్గది. పూర్వం అక్కడ తెరలను, బరువులను పైకి లాగే పనిలో ఓడలమీద పనిచేసినవాళ్లు ఉండేవారని, వాళ్ల సంకేతాలు ఈలలేనని, ఎవరైనా ఊరికే ఈల వేస్తే నెత్తిన దూలం దిగేదని చెబుతారు. మన ఊళ్లలో నాటకాలు చూసినవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. మా చిన్నప్పుడు ఈల ఊదితేనే తెర లేచేది, ఈల వినపడకపోతే లోపల ఏదో గొడవైందని జనం అనుకొనేవారు. ఆ నిషేధాన్ని హైదరాబాదులో పాటించి గర్వపడటంలో నాకు అర్థం కనిపించదు. దాని వెనుక ఉన్న తాడు మన హాళ్లలో లేదు.

హైదరాబాదులో ఉన్నది వేరు. అద్దెకు లైట్లు ఇచ్చే దుకాణాలనుంచి వచ్చే మనుషుల్లో చాలామంది మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పద్యనాటకంలో ఒక్క పద్యానికీ అర్థం తెలియకపోయినా, పద్యం ఎక్కడ ముగుస్తుందో వాళ్లకు దర్శకుడికన్నా బాగా తెలుసు, ఎందుకంటే వాళ్లు మాటను కాక ఆలాపనను వింటారు. ‘రాగ్ ఉత్రా తో లైట్ ఉతారో’ అని, అంటే రాగం దిగితే లైటు దించమని, వాళ్లలో ఒక పెద్దాయన నాకు చెప్పిన సూత్రం, కాగితం మీద రాసుకొన్న క్యూ షీటు విఫలమైన రోజున కూడా పనిచేస్తుంది. నటుడు ఉత్సాహంలో ఒక పాదం ఎగరగొట్టవచ్చు, చప్పట్లకు మురిసి రెండుసార్లు పాడవచ్చు, కాని రాగం దిగకుండా పద్యం దించలేడు. ‘లైటుకు వన్స్ మోర్ అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు’ అన్నది కూడా ఆయన మాటే. దాన్ని ఆయన నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు గురించి తర్వాత చెబుతాను.

పూజల దగ్గరా ఇలాంటి మాటలే. నాటకానికి ముందు వేదికకు కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించడం మనవాళ్లు వదులుకోరు, వదులుకోవాలని నేనూ అనను. ‘కాయ కొట్టేది డైరెక్టరు గారు, జారిపడేది మనం’ అంటూ ఒకరు తడిగుడ్డతో సిద్ధంగా ఉంటారు. దసరాకు ఆయుధపూజలో డిమ్మరు బోర్డుకూ బొట్టు పెడతారు. వెలుగు పెంచి తగ్గించే మీట, అంటే ఫేడరు, సందులోకి కుంకుమ దిగితే ఆ మీటను జరిపినప్పుడల్లా గరగరమని వెలుగు వణుకుతుంది గనుక, ‘అమ్మవారికి నుదుటన పెట్టు, కంట్లో పెట్టకు’ అని హెచ్చరిస్తారు.

నటుల మీద వేసుకొనే చెణుకులకు లెక్కలేదు, వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడను. వెలుగు పడినచోటికి వచ్చి నిలబడటం తెలిసిన నటుడు ఒక రకం, వెలుగే వెతుక్కొంటూ రావలసిన నటుడు మరో రకం. మైకు కింద దుర్యోధనుడిలా గర్జించి, రెండడుగులు పక్కకు జరగగానే ఉత్తర కుమారుడైపోయేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు వందల ఏళ్లుగా ఉన్నదంటే, మద్దెలవాడు కూడా ఎన్నాళ్లనుంచో ఏదో గొణుక్కొంటూ ఉన్నాడనే అర్థం. ఇందులో ఎవరికీ హాని లేదు. నటులకూ మా మీద ఇలాంటివే ఉన్నాయి.

హాని మొదలయ్యేది శాలువాల దగ్గర. హైదరాబాదు నాటకాల సంగతి తెలియనివారికి ఇది వివరించాలి. రవీంద్రుడి శతజయంతి సందర్భంగా 1961లో ఏర్పడిన రవీంద్రభారతి కావచ్చు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కావచ్చు, మన హాళ్లు నాటకానికి మాత్రమే కట్టినవి కావు. సభలు, సన్మానాలు, కచేరీలు, నృత్యాలు అన్నీ అక్కడే జరగాలి. నాటకం వేయించే సంస్థకు విరాళాలు రావాలంటే పెద్దలను పిలిచి సత్కరించాలి. కనుక ఆరు గంటలకు నాటకమని కరపత్రంలో ఉంటుంది, ఆరు గంటలకు జ్యోతి ప్రజ్వలన ఉంటుంది. వేదిక మీద కుర్చీలు, వాటి ముందు బల్ల, బల్ల మీద పూలు, వెనుక మా సెట్టును పూర్తిగా మూసేస్తూ అందరి బొమ్మలతో ఒక ఫ్లెక్సీ. మేము మధ్యాహ్నమంతా కష్టపడి ఒక్కొక్క లైటునూ గురిచూసి బిగించిన వేదిక మీద, సభకు వెలుగు చాలలేదని ఎవరో వచ్చి నాలుగు లైట్లను పక్కకు తిప్పేసి పోతారు. ‘కుర్చీలెన్నో చెప్పన్నా, తెర ఎప్పుడో చెబుతా’ అని మా సెట్టు మేస్త్రీ అంటాడు. కుర్చీకి పది నిమిషాలు, శాలువాకు మూడు, జ్ఞాపికకు రెండు, అధ్యక్షుడి ముగింపు మాటలకు దేవుడే దిక్కు. కందుకూరి వీరేశలింగం పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటాము, మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. నాటకం గురించి అందరూ మాట్లాడే ఆ రెండు రోజుల్లోనే నాటకానికి అందరికన్నా తక్కువ సమయం మిగులుతుంది.

ఆ లెక్క చాలావరకు సరిగ్గా సరిపోతుంది, అందుకే అందరికీ నవ్వొస్తుంది. కాని దాని తర్వాత జరిగేదేమిటి? సభ ముగిసేసరికి ఎనిమిది దాటుతుంది. ప్రేక్షకులు లేచిపోకముందే తెర ఎత్తాలని నిర్వాహకులు తొందరపెడతారు. ఫ్లెక్సీ విప్పాలి, కుర్చీలు మోయాలి, దీపపు కుందిలోంచి ఒలికిన నూనె తుడవాలి, తిప్పేసిన లైట్లను మళ్లీ గురిచూడాలి. తెర ముందు ఒకరు వందన సమర్పణ చేస్తూంటే, తెర వెనుక మసక చీకటిలో, ఒకరు పట్టుకొన్న నిచ్చెన మీద ఇంకొకరు ఎక్కి, సభలో గంటల తరబడి వెలిగి కాలిపోతున్న లైటును, దానికి కరెంటు వస్తూండగానే చేత్తో తిప్పుతారు. కింద ఉన్నవాడు ‘ఈ నిర్వాహకుడు శాలువా నీకు కప్పించేలా ఉన్నాడన్నా’ అంటాడు. నిచ్చెన మీదివాడు నవ్వుతాడు. ఆ నవ్వు వల్ల నిచ్చెన గట్టిపడదు.

నగరంలోని ఒక హాలులో, పేరు ఇక్కడ అనవసరం, పాత ఇనుప డిమ్మరు బోర్డు ఒకటి ఉండేది. ‘ఈ బోర్డు పలకరిస్తుంది, చెప్పులు వేసుకొని రా’ అని అక్కడికి వెళ్లిన ప్రతివాడికీ చెప్పేవారు. అంటే తాకితే జివ్వుమంటుందని. ‘కొత్తవాళ్లనే పలకరిస్తుంది, పాతవాళ్లను గుర్తుపడుతుంది’ అనేవారు కూడా. పాతవాళ్లు ఎక్కడ తాకకూడదో నేర్చుకొన్నారన్నదే అందులో నిజం. లోపల ఏదో తీగ చర్మం ఊడి ఇనుప పెట్టెకు తగులుతోందని, ఎర్తింగు సరిగా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోవలసినది మనిషి గుండా పోతోందని, 30 మిల్లీ ఆంపియర్లు కారితే చాలు సరఫరాను తెంచేసే ఆర్‌సీసీబీ అన్న పరికరం పెట్టిస్తే ప్రాణభయం తప్పుతుందని అక్కడున్న సగంమందికి తెలుసు. అయినా ఆ విషయం హాలు నడిపేవారికి లిఖితపూర్వకంగా ఎవరూ చెప్పలేదు. చెప్పుల సంగతి మాత్రం అందరికీ అందింది. ఇక్కడ హాస్యం నేర్పింది ప్రమాదాన్ని పోగొట్టడం కాదు, దాని పక్కన కాపురం చేయడం. కొత్తల్లుడి మాటకూ ఈ పలకరింపు మాటకూ ఉన్న తేడాను నేను ఇక్కడే చూస్తాను. బల్బుకు జిడ్డు అంటకూడదన్నది ఆ వస్తువు స్వభావం, దాన్ని ఎవరూ మార్చలేరు, గుడ్డతో పట్టుకోవడమే దారి. బోర్డు షాకు కొట్టడం దాని స్వభావం కాదు, ఎవరో ఒకరు పది నిమిషాలు కేటాయిస్తే బాగయ్యే లోపం.

బయటి దేశాలనుంచి ఏదైనా తెచ్చుకోదలిస్తే, ఈలల నిషేధాన్ని కాక 1903 డిసెంబరు 30న షికాగోలో జరిగినదాన్ని తెచ్చుకోవాలి. ఇరాక్వాయ్ థియేటరులో ఒక ఆర్క్ లైటు నిప్పురవ్వ తెరగుడ్డకు అంటుకొంది, మంటను అడ్డుకోవడానికి దించిన తెర సగంలో చిక్కుకుపోయింది, తలుపులు కొన్ని తాళం వేసి ఉన్నాయి. 600 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత తలుపులు, తెరలు, దారులు ఎలా ఉండాలో అక్కడ చట్టాలు కట్టుదిట్టమయ్యాయి. వేదిక పక్కన ఉండే మా వింగుల్లో కూడా కర్పూరం, గుడ్డ తెరలు, వేడెక్కిన లైట్లు, తాళం వేసిన పక్క తలుపు ఒకేచోట కలుస్తూంటాయి. ఆ తలుపును మేము ‘వైకుంఠ ద్వారం’ అంటాము, ఏడాదికొకసారి తెరుస్తారని. చాలా బాగుంది మాట. తాళం మాత్రం అలాగే ఉంది.

ఈ మాట అన్నప్పుడల్లా మా పెద్దవాళ్లు కొందరు నొచ్చుకొంటారు. వాళ్ల వాదన తీసిపారేయదగ్గది కాదు. ఫిర్యాదు చేసే మనిషిని మరుసటిసారి పిలవరు, నవ్వించే మనిషిని పిలుస్తారు. ఇచ్చేది తక్కువ, అదీ ‘మనవాళ్లే కదా’ అంటూ ఆలస్యంగా ఇస్తారు. ఆ నవ్వు కూడా లేకపోతే ఈ పనికి ఎవరు వస్తారు, అని అడుగుతారు. వాళ్లు చెప్పే పరిస్థితి నిజం. కాని నవ్వు వల్లనే మనం నిలబడ్డామనుకోవడంలో నాకు అనుమానం ఉంది. సురభి వారిని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ నాటక కుటుంబాలు ఈనాటికీ ప్రదర్శనలు ఇస్తూ, మన శేరిలింగంపల్లిలో కాలనీగా స్థిరపడ్డాయి. వారిలో ఒకరైన రేకందార్ నాగేశ్వరరావు, అంటే సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. తీగలకు వేలాడుతూ పాత్రలు గాలిలో ఎగిరే ఆ నాటకాలలో, వేదిక మీద వేషం కట్టేవారూ వెనుక తీగలు లాగేవారూ ఒకే ఇంటివాళ్లు. తీగ పాతబడితే చెప్పడానికి అక్కడ అర్జీ అక్కరలేదు, మొహమాటమూ అక్కరలేదు. వేలాడేది తమ్ముడు, లాగేది అన్న. మా బృందాల్లో నటుడు ఒక సంస్థవాడు, లైటు అద్దెది, హాలు ఇంకొకరిది, ఖర్చు మరొకరిది. మాట ఒకరినుంచి ఒకరికి చేరే దారి లేనందువల్లనే అది హాస్యమై వింగులో తిరుగుతోంది.

నాట్యశాస్త్రం చివరి అధ్యాయాల్లో నాటక బృందంలో ఎవరెవరు ఉంటారో చెబుతూ, నటుడితో సూత్రధారుడితో పాటు కిరీటాలు చేసేవాణ్ణి, నగలు చేసేవాణ్ణి, దండలు కట్టేవాణ్ణి, చిత్రకారుణ్ణి, బట్టలకు రంగులద్దేవాణ్ణి ఒకే వరుసలో లెక్కపెట్టారు. మన కరపత్రాల్లో కరెంటు సాయం చేసినవారి పేర్లకు ‘తదితరులు’ అని ఉంటుంది. లైటుకు వన్స్ మోర్ అడిగినవాడు లేడని ఆ పెద్దాయన నవ్విన నవ్వులో ఇదీ ఉంది.

కొంతకాలంగా మేము కొందరం ఒక చిన్న ఏర్పాటు చేసుకొన్నాము. ఏ హాలులో పనిచేసినా ఆ రోజు తెర వెనుక పుట్టిన మాటలను ఒక కాగితం మీద రాస్తాము, ప్రతి మాట పక్కనా అది ఏ వస్తువు గురించో, ఏమి చేస్తే ఆ మాట అవసరం లేకుండా పోతుందో ఒక వాక్యం చేరుస్తాము, కింద అందరం సంతకాలు పెట్టి నిర్వాహకులకు ఒక ప్రతి, హాలువారికి ఒక ప్రతి ఇస్తాము. అందరూ సంతకం చేయాలన్నది ముఖ్యం, అప్పుడు పిలవకుండా వదిలేయడానికి ఫలానా మనిషి అని ఎవరూ దొరకరు. పలకరింపు, వైకుంఠ ద్వారం, కుర్చీల లెక్క మొదటి కాగితంలోనే ఉన్నాయి. ఒక సంస్థ కార్యదర్శి గారు అది చదివి, ఎర్తింగు విషయం తప్పకుండా హాలువారితో మాట్లాడతానని, శాలువాల వాక్యం మాత్రం పెద్దల కంటబడితే బాగుండదు గనుక తీసేయమని అడిగారు. సభకూ నాటకానికీ మధ్య మాకు కనీసం ముప్పావు గంట, దానితోపాటు వేదిక మీద పూర్తి వెలుగు ఇస్తామని కరపత్రం అచ్చుకు వెళ్లకముందే రాసిస్తే ఆ వాక్యం తీసేస్తామని చెప్పాము. ఆయన ఇంకా ఏ మాటా చెప్పలేదు. వచ్చే నెల వాళ్ల నాటకానికి లైట్లు మావే.